వెనకున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, వీడియో తీస్తున్నాం

బెంగళూరు యలహంకలో ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరిగిన ప్రతిసారీ కొంతమంది పెద్దమనుషులు మోచేయంత లెన్సులు మెళ్ళో వేసుకుని బయల్దేరతారు, మనలాంటి మామూలు జనానికి ఫోటోలు తీసే మర్యాద నేర్పడానికి. చేతులు తల మీదకి ఎత్తకండి అంటారు, గొడుగు మూసెయ్యండి అంటారు, పిల్లాణ్ణి భుజాల మీంచి దించండి అంటారు, టాబ్లెట్‌తో వీడియో తీసే పెద్దాయన కనపడితే శత్రుదేశం గూఢచారిని చూసినట్టు చూస్తారు. ఈ అన్యాయం మీద తెలుగులో ఇంతవరకు ఎవరూ నోరు విప్పినట్టు లేదు కాబట్టి, బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్ళందరి తరఫున, వాళ్ళెవరూ నన్ను అడక్కపోయినా, నేను విప్పుతున్నాను.

ముందు ఆ టాబ్లెట్ పెద్దాయన సంగతి తేల్చేద్దాం. ముందు వరసలో నిలబడి పది అంగుళాల తెరని రెండు చేతులా నెత్తి మీదకి ఎత్తి పట్టుకుంటాడు, నిజమే. వెనకున్న పదిహేను మందికి ఆకాశం కనపడదు, అదీ నిజమే. కానీ వాళ్ళకి ఆయన తెర కనపడుతుంది కదండీ! వెయ్యి రూపాయల పాస్ కొనుక్కుని ఎండలో కళ్ళు చికిలించుకుని చూడాల్సిన ఎయిర్ ఫోర్స్ విన్యాసాల జట్టు సూర్యకిరణ్ టీమ్‌ని, ఏ శ్రమా లేకుండా, నీడపట్టున, ఆయన బొటనవేలి పక్కన చిన్నగా చూసే అవకాశం ఇస్తున్నాడు, మధ్యలో వాళ్ళ కోడలు ఫోన్ చేస్తే ఆవిడ ఫోటో కూడా చూడొచ్చు, ఇంతా చేసి పైసా అడగడు. ఇలాంటి మనిషిని పట్టుకుని "అంకుల్, కొంచెం కిందకి" అనడానికి నోరెలా వస్తుందో నాకర్థం కాదు.

జెట్లతో మా కష్టాలు వేరు. 2025లో రష్యా సు-57, అమెరికా ఎఫ్-35 యుద్ధవిమానాలు రెండూ యలహంకకి వచ్చాయి, అవి రెండూ ఒకే షోలో ఉండటమే పెద్ద విశేషం అని పేపర్లన్నీ రాశాయి. మారతహళ్ళి పీజీలో ఉండే మనవాడు ఒకడు ఆ రోజు తీసిన వీడియో చూపించాడు, నీలం ఆకాశం, ఎవరిదో టోపీ, మళ్ళీ నీలం ఆకాశం, "అదిగో రా అదిగో", "ఎక్కడ్రా", "పోయింది రా", ఆఖర్న చెవులు చిల్లులు పడే చప్పుడు. తప్పు వాడిది కాదు. జెట్ చప్పుడు మన దగ్గరికి వచ్చేసరికి జెట్ అక్కడ ఉండదు, ఎప్పుడో ముందుకెళ్ళిపోయి ఉంటుంది, వీడు చప్పుడు వచ్చిన వైపు ఫోన్ తిప్పాడు, పాపం ఎవడైనా అదే చేస్తాడు. లెన్సు పెద్దమనుషులేమో చప్పుడుకి ముందు చూడాలి, విమానం వస్తున్న దారి పట్టుకుని నడుము తిప్పుతూ దాంతో పాటే ప్యాన్ చెయ్యాలి అంటారు. నడుము తిప్పాలంటే జాగా ఉండాలి కదా, పక్కన పిన్నిగారు పులిహోర డబ్బా తెరిచి కూర్చుంది.

అసలు గొడవంతా పాత విమానాల దగ్గర వస్తుంది. మన ఎయిర్ ఫోర్స్ దగ్గర వింటేజ్ విమానాలు కొన్ని ఉన్నాయి, శిక్షణకి వాడిన టైగర్ మాత్, హార్వర్డ్, సరుకులూ సైనికుల్నీ మోసిన డకోటా, ఇప్పటికీ ఎగిరే స్థితిలో ఉంచారు. ఏ షోలో అయినా ఇవి కనపడితే చాలు లెన్సువాళ్ళకి కళ్ళమ్మట నీళ్ళొస్తాయి. మనకి ఆకలేస్తుంది. మైకులో "హెరిటేజ్" అనే మాట వినపడగానే గ్రౌండు మొత్తం లేచి సమోసాల స్టాల్ వైపు, టాయిలెట్ల వైపు నడుస్తుంది, ఎందుకంటే అది నెమ్మదిగా పోతుంది, మంటలు రావు, తలకిందులుగా తిరగదు. టైగర్ మాత్ గట్టిగా పోతే గంటకి 175 కిలోమీటర్లు, అర్ధరాత్రి దేవనహళ్ళి రోడ్డు మీద కొన్ని క్యాబులు ఆ రికార్డుకి దగ్గర్లోనే ఉంటాయి. ఫోన్‌తో తాపీగా తీసుకోవడానికి దేవుడిచ్చిన విమానాలేవన్నా ఉంటే ఇవే, కానీ అప్పుడే మేం క్యూలో ఉంటాం.

క్యూలో నా ముందున్న కుర్రాడు డకోటా ఫోటో ఒకటి చూపించి "ఇంకా ఇది మార్చలేదా అన్నా, మన ఎయిర్ ఫోర్స్‌కి ఫండ్స్ లేవా" అన్నాడు. వాడికి ఆ విమానం కథ చెప్పబోయాను. కాశ్మీర్ యుద్ధం మొదట్లో, 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో సిక్కు రెజిమెంట్ సైనికుల్ని దించినవి డకోటాలే, అందులో మొదటిదాని నంబర్ వీపీ 905, ఇప్పుడున్న డకోటాకి అదే నంబర్ వేశారు, తుక్కు కింద పోవాల్సినదాన్ని రాజకీయ నాయకుడు రాజీవ్ చంద్రశేఖర్ కొని, బ్రిటన్‌లో బాగు చేయించి, డకోటా పైలట్ అయిన వాళ్ళ నాన్నగారి గౌరవార్థం ఎయిర్ ఫోర్స్‌కి ఇచ్చారు, పేరు పరశురామ, 2018లో అక్కణ్ణించి ఇక్కడిదాకా సొంత రెక్కల మీదే ఎగురుకుంటూ వచ్చింది అని. కుర్రాడు శ్రద్ధగా విని "దీంతో రీల్ వర్కౌట్ అవదు అన్నా" అన్నాడు. నిజాయితీపరుడు.

ఇక షటర్ స్పీడు, అంటే ఫోటో తీసేటప్పుడు కెమెరా కన్ను తెరుచుకుని ఉండే సమయం. దీని గురించి పెద్దమనుషులు చేసేంత హడావిడి రెవెన్యూ వాళ్ళు పట్టా మీద కూడా చెయ్యరు. వాళ్ళ వాదన ఏంటంటే ఫ్యాను ఉన్న విమానాన్ని సెకనులో 125వ వంతు దగ్గర తియ్యాలట. డకోటా ప్రొపెల్లర్ నిమిషానికి వెయ్యి చుట్లకి పైగా తిరుగుతుంది, 125వ వంతులో చుట్టులో ఎనిమిదో వంతైనా జరుగుతుంది, రెక్కలు చెదిరి గుండ్రంగా పొగలా వస్తాయి, అప్పుడే విమానం ప్రాణంతో ఉన్నట్టు కనపడుతుంది అంటారు. కానీ అంత నెమ్మది షటర్‌లో చెయ్యి వణికితే విమానం కూడా పొగలాగే వస్తుంది, అందుకే వంద తీసి మూడు ఉంచుకుంటారు, ఉంచుకున్న మూడిటినీ ఏడాది పొడుగునా చూపిస్తారు. మన ఫోన్ అలాంటి వేషాలు వెయ్యదు. ఎండ బాగా ఉంది కదా అని దానంతటదే నాలుగు వేలో వంతుకి వెళ్ళిపోయి ప్రొపెల్లర్‌ని శిలావిగ్రహంలా ఆపేస్తుంది. మా బావగారు అలాంటి హార్వర్డ్ ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఒంగోలు నుంచి అత్తయ్యగారు "అయ్యో గాల్లో ఇంజన్ ఆగిపోయిందా, ఎవరికీ ఏం కాలేదు కదా నాయనా" అని మెసేజ్, వెనకాలే నాలుగు దండాలు. తర్వాత ఆయన వీడియో పెట్టాడు. ఫోన్ సెన్సర్ బొమ్మని ఒక్కో వరసగా చదువుతుంది, ఆ లోపు ప్రొపెల్లర్ జరిగిపోతుంది, దాంతో రెక్కలు అరటికాయల్లా వంగి, కొన్ని ఊడొచ్చి పక్కన తేలుతున్నట్టు కనపడతాయి. దానికి పెదనాన్నగారు "మేడ్ ఇన్ ఇండియా అంటే అంతే మరి" అని రాశారు. హార్వర్డ్ అమెరికాలో డిజైన్ చేసిన విమానం. ఆయనకి చెప్పే ధైర్యం గ్రూపులో ఎవరికీ లేదు.

న్యాయంగా మాట్లాడుకుంటే లెన్సువాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? మనల్ని చేతులు దించమనే ఈ మనిషే నాలుగు మెట్ల అల్యూమినియం నిచ్చెన తెచ్చుకుని దాని మీద నిలబడతాడు, అదేమంటే "యాంగిల్" అంటాడు. ఎవరైనా పిల్లకి "అదుగో డకోటా" అని చూపిస్తే నిచ్చెన మీంచే సరిదిద్దుతాడు, "టెక్నికల్‌గా సీ-47 అనాలి సార్". ఆ పిల్లకి ఐదేళ్ళు. తోక మీద నంబర్ రాసుకోవడానికి ఒక పుస్తకం, ఆ పుస్తకంలో లేని విమానం గాల్లో ఉన్నా ఆయన లెక్కలో లేనట్టే.

ఈ షో కోసం ఊరు చేసే త్యాగం గురించి కూడా ఎవరూ మాట్లాడరు. 2025లో జనవరి 23 నుంచి ఫిబ్రవరి 17 దాకా యలహంక ఎయిర్ ఫోర్స్ స్టేషన్ చుట్టూ 13 కిలోమీటర్ల మేర మాంసం అమ్మకాలు, నాన్‌వెజ్ వంటకాలు బంద్ పెట్టింది అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ. కారణం సరైందే, మాంసం వ్యర్థాలకి గద్దలు చేరతాయి, గద్ద ఇంజన్లో పడితే ప్రాణాల మీదకి వస్తుంది. సరే, నాలుగు ఆదివారాలు, ఒక తెలుగు కుటుంబం చికెన్ లేకుండా నాలుగు ఆదివారాలు! అంత త్యాగం చేసి గద్దల్ని పంపించేశాక, అదే కుటుంబం అదే గ్రౌండ్‌కి వచ్చి ఖాళీ చిప్స్ ప్యాకెట్లు గాలికి వదులుతుంది. రన్‌వే మీద గాలికి కొట్టుకొచ్చే ప్రతి చెత్త ముక్కనీ ఎయిర్ ఫోర్స్ వాళ్ళు ఎఫ్‌ఓడీ అంటారు, జెట్ ఇంజన్ పీల్చుకుంటే గద్దకీ ప్యాకెట్‌కీ పెద్ద తేడా చూడదు. గద్దల్ని రావద్దన్నారు గానీ మమ్మల్ని రమ్మని టికెట్ ఇచ్చారు కదా, మరి తప్పెవరిది?

నిలబెట్టిన విమానాల దగ్గర మన మర్యాద ఇంకా గొప్పగా ఉంటుంది. తాడు కట్టారంటే దాని అర్థం తాడుకి అవతల నిలబడితే ఫోటో బాగా వస్తుందని. టైగర్ మాత్ లాంటి విమానానికి రెక్కలు చెక్క చట్రం మీద బిగించిన గుడ్డ, ఆ ముక్క తెలియగానే పది మంది "నిజంగా గుడ్డేనా" అని వేలితో పొడిచి చూస్తారు, వాళ్ళలో ఇద్దరికి నవరత్నాల ఉంగరం ఉంటుంది. ముక్కు దగ్గరో రెక్క దగ్గరో పొడుచుకొచ్చిన సన్న గొట్టం పిటో ట్యూబ్, గాలి ఒత్తిడిని బట్టి పైలట్‌కి స్పీడు తెలిసేది దాంతోనే, అది మనకి చెయ్యి ఆన్చుకోవడానికి సరైన ఎత్తులో పెట్టారని అభిప్రాయం. ప్రొపెల్లర్ పట్టుకుని వేలాడటం సంగతి మాత్రం ఇక్కడ వ్యంగ్యం పక్కన పెట్టి చెప్తాను. ఈ పాత ఇంజన్లకి మాగ్నెటోలు ఉంటాయి, బ్యాటరీ లేకపోయినా ఫ్యాను తిరిగితే నిప్పురవ్వ పుడుతుంది, టైగర్ మాత్‌ని స్టార్ట్ చేసేదే చేత్తో ప్రొపెల్లర్ తిప్పి. స్విచ్ సరిగ్గా ఆఫ్ కాకపోతే సెల్ఫీ కోసం లాగిన చెయ్యి వెనక్కి రాదు. తాకొద్దు, అంతే.

ఇంత తొక్కిసలాట ఎందుకు, పాత విమానాలు తీరిగ్గా చూడాలంటే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులో విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్ వాళ్ళ మ్యూజియం ఉంది కదా అంటారు కొందరు. ఉంది. హెచ్‌ఏఎల్ తయారుచేసిన జెట్ యుద్ధవిమానం మారుత్ ఉంది అక్కడ, జర్మన్ ఇంజనీర్ కుర్ట్ టాంక్ డిజైన్, 1961 జూన్‌లో దాన్ని మొదటిసారి ఎగరేసింది టెస్ట్ పైలట్ సురంజన్ దాస్, 1970లో మారుత్ కూలిపోయే ఆయన చనిపోయారు. ఆయన పేరు మనం రోజూ తలుచుకుంటాం, సురంజన్ దాస్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, తిట్టుకుంటూ. మ్యూజియంలో మనవాళ్ళు మారుత్ ముందు నిలబడి ఫోటో దిగుతారు, బోర్డు మీద రాసింది కనపడకుండా సరిగ్గా దాని ముందే. అదే హెచ్‌ఏఎల్ స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఏం చేసిందో ఆలోచించండి, బ్రిటిష్ వాళ్ళు పోతూ పోతూ ఇక పనికి రాకూడదని పాడుచేసి కాన్పూర్‌లో వదిలేసిన లిబరేటర్ బాంబర్లు, సుమారు 40, అక్కడే ఎగరగలిగేంత మటుకు అతుకులేసి బెంగళూరుకి ఎగరేసుకొచ్చారు, టెస్ట్ పైలట్ జమ్షెడ్ మున్షీ, ఆ విమానాలు ఇక్కడ బాగుపడి 1968 దాకా పనిచేశాయి. ఆ తర్వాత వాటిలో కొన్ని బ్రిటన్, అమెరికా, కెనడా మ్యూజియంలకి వెళ్ళాయి. వాడు విరగ్గొట్టి పారేసిందాన్ని మనం బాగుచేసి ఇరవై ఏళ్ళు వాడుకుని మళ్ళీ వాడికే మ్యూజియంలో పెట్టుకోడానికి ఇచ్చామంటే, దీనికంటే కమర్షియల్ కథ ఏముంది? కానీ బ్యాక్‌గ్రౌండ్‌లో పొగ లేదు, సౌండ్ లేదు, లైకులు రావు.

కాబట్టి ఏరో ఇండియా నిర్వాహకులకి మా డిమాండ్లు ఇవి. డకోటా, హార్వర్డ్ లాంటివి వచ్చినప్పుడు పోర్ట్రెయిట్ మోడ్ పట్టేదాకా గాల్లో ఒక్క క్షణం ఆగాలి. పైలట్లు ఇటువైపు చూసి నవ్వాలి. టాబ్లెట్ పెద్దాయన్ని గౌరవ ఫోటోగ్రాఫర్‌గా గుర్తించి ఒక కుర్చీ వెయ్యాలి, కుర్చీ మీద ఎక్కి నిలబడతాడు, అది వేరే విషయం. మొన్న ఎవరో ఒక తలతిక్క సలహా ఇచ్చారు, ముందు వరసలన్నీ విమానాన్ని కళ్ళతో చూడటానికి వచ్చినవాళ్ళకి ఇచ్చి, ఫోన్లు టాబ్లెట్లు నిచ్చెనలు ఉన్నవాళ్ళని వెనక్కి పంపాలట. దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాం. అలా చేస్తే మా వీడియోల నిండా వాళ్ళ తలకాయలే పడతాయి, వెనక మనుషులున్నారన్న ఇంగితం లేకుండా అలా అడ్డంగా నిలబడి చూస్తారా ఎవరైనా?