ఇప్పటి లాప్‌టాప్ రిపేరు కాదన్న మెసేజ్‌లో నిజమెంత?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగువాళ్ల గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ సారాంశం ఇది: "ఇప్పుడొస్తున్న లాప్‌టాప్‌లు, ట్యాబ్‌లు ఏవీ రిపేరు కావు. ప్రాసెసర్, ర్యామ్, స్టోరేజీ, బ్యాటరీ అన్నీ బోర్డుకే అతికించి వస్తాయి. స్క్రూ విప్పితే వారంటీ పోయినట్టే. బయట దొరికే బ్యాటరీలు పేలతాయి. బోర్డు పోతే ఇక అంతే. పాడైన రోజే ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది కొనుక్కోండి."

ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే మిగతాది కూడా చెల్లిపోతోంది. హింజ్ (మూత తిరిగే కీలు) ఒక్కటే విరిగిన మెషీన్ కూడా తూకానికి పోతోంది. ఆ మెసేజ్ చెప్పిన వరసలోనే చూద్దాం.

"అన్నీ బోర్డుకే అతికించి వస్తాయి"

ప్రాసెసర్ విషయంలో ఇది నిజం. ర్యామ్ విషయంలో సగం నిజం. సన్నటి మోడళ్లలో వాడే ఎల్‌పీడీడీఆర్ రకం ర్యామ్ చిప్పులు తక్కువ వోల్టేజీతో ఎక్కువ వేగంగా నడవాలి. సాకెట్ పెడితే దారి పొడుగై సిగ్నల్ దెబ్బతింటుంది కాబట్టి వాటిని ప్రాసెసర్ పక్కనే సోల్డర్ చేస్తారు. ఆఫీసు మోడళ్లలోనూ గేమింగ్ వాటిలోనూ డీడీఆర్4, డీడీఆర్5 స్టిక్కులు ఇప్పటికీ స్లాట్‌లోనే వస్తున్నాయి. కొంత ర్యామ్ బోర్డు మీద, దానితోపాటు ఒక స్లాట్ ఉండే మోడళ్లూ బోలెడు.

స్టోరేజీ విషయంలో చాలావరకు అబద్ధం. విండోస్ లాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది ఎం.2 ఎస్ఎస్‌డీ, అంటే ఫైళ్లు దాచే సన్నటి పలక. ఒక్క స్క్రూ తీస్తే బయటికి వస్తుంది. సైజు చూసుకోవాలి, అంతే: 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. చిన్న మోడళ్లలో 2242, 2230 కూడా వస్తాయి. మ్యాక్‌బుక్ ఎయిర్‌లోనూ, 32 లేదా 64 జీబీ ఈఎంఎంసీ (చవక రకం స్టోరేజీ చిప్పు) పెట్టిన చవక లాప్‌టాప్‌లలోనూ మాత్రం స్టోరేజీ బోర్డు మీదే ఉంటుంది.

మెసేజ్ రాసినవాళ్లు పట్టించుకోనిది ఒకటుంది. షాపు బల్ల మీదికి వచ్చే మెషీన్లలో సాధారణంగా పోయేది బ్యాటరీ, హింజ్, చార్జింగ్ పోర్టు, కీబోర్డు, డిస్‌ప్లే, ఫ్యాను. వీటిలో చాలావరకు విడిగా మార్చుకునేవే. సోల్డర్ చేసిన ప్రాసెసర్, ర్యామ్ వాటంతట అవి పోవడం అరుదు. చవక ఈఎంఎంసీ ఒక్కటే దీనికి మినహాయింపు. రాయగా రాయగా అరిగిపోతుంది, మెషీన్ నత్తనడక నడిచి ఒకరోజు బూట్ కావడం మానేస్తుంది. అలాంటి లాప్‌టాప్ కొనకపోవడమే దానికి మందు.

హింజ్ సంగతి ఇంకాస్త చెప్పాలి. లోహపు హింజ్ విరగడం తక్కువ. దాన్ని పట్టి ఉంచే ఇత్తడి నట్టు ప్లాస్టిక్ గుంతలోంచి ఊడొస్తుంది. కారణం హింజ్ బిగుసుకుపోవడం, లేదా మూతను ఒక మూల పట్టుకుని ఎత్తడం. ఫెవిక్విక్ వేస్తే నెల తిరగకుండా మళ్లీ ఊడుతుంది, పైగా ఆ పొగకు చుట్టూ తెల్లటి పొర కడుతుంది. ముందు హింజ్ నట్టును కొద్దిగా వదులు చేయాలి. తర్వాత పాత ప్లాస్టిక్‌ను గరుకు కాగితంతో గీకి, రెండు భాగాల ఎపాక్సీ కలిపి ఇత్తడి నట్టును తిరిగి కూర్చోబెట్టి 24 గంటలు కదపకుండా ఉంచాలి. గుంత పూర్తిగా పగిలి ఉంటే ఆ ప్యానెల్ మార్చడమే మేలు. రిపేరు భాషలో పై మూత ఏ, స్క్రీన్ చుట్టూ ఉండే చట్రం బీ, కీబోర్డు ఉండేది సీ, అడుగుది డీ. ఏ ప్యానెల్ కావాలో ఈ అక్షరంతో, అడుగున ఉన్న పూర్తి మోడల్ నంబరుతో అడిగితే విశాఖ నుంచి తప్పుడు పార్టు రాదు.

"స్క్రూ విప్పితే వారంటీ పోయినట్టే"

హెచ్‌పీ, డెల్, లెనోవో తమ మోడళ్ల సర్వీస్ మాన్యువల్‌ను సొంత వెబ్‌సైట్లలోనే ఉచితంగా పెడతాయి. ఏది ముందు విప్పాలో, ఏ స్క్రూ ఎక్కడిదో అందులో ఉంటుంది. విప్పితేనే వారంటీ పోయేటట్టయితే అవి పెట్టడం దేనికి? మామూలుగా వారంటీ రానిది విప్పేటప్పుడు మీరు చేసిన డ్యామేజీకి. షరతులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి వారంటీ కాగితంలో ఆ పేరా చదువుకోవాలి. పగిలిన స్క్రీన్, నీళ్లు పడ్డ బోర్డు మామూలు వారంటీలోకి ఎలాగూ రావు, వాటి విషయంలో ఈ భయానికి అర్థమే లేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. అందులో చేరిన కంపెనీల సర్వీసు, వారంటీ వివరాలు అక్కడ చూడొచ్చు.

విప్పడంలో ప్రమాదం లేదని కాదు. అడుగున కనిపించే స్క్రూలన్నీ తీసినా మూత రాకపోతే లాగకండి. చాలా మోడళ్లలో రబ్బరు పట్టీల కింద ఇంకో రెండు మూడు ఉంటాయి. తీసిన స్క్రూలను అవి ఉన్న ఆకారంలోనే కాగితం మీద గుచ్చి పెట్టుకోవాలి. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే సీ ప్యానెల్ ఉబ్బుతుంది, లేదా బోర్డు పొరల్లో తీగ తెగుతుంది. మూత రాగానే మొదట చేయాల్సింది బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. బ్యాటరీ ఉండగానే డిస్‌ప్లే కేబుల్ లాగితే బ్యాక్‌లైట్ కరెంటు పక్క పిన్నుకు తగిలి ఫ్యూజు పోతుంది. అప్పుడు బొమ్మ ఉంటుంది, వెలుగుండదు. టార్చి కొట్టి చూస్తే లీలగా కనిపిస్తుంది. పాత స్క్రీన్‌కు 30 పిన్నులా 40 పిన్నులా అనేది, వెనక స్టిక్కరు మీది ప్యానెల్ కోడ్ చూశాకే కొత్తది ఆర్డరు పెట్టాలి.

"బయట దొరికే బ్యాటరీలు పేలతాయి"

నాసిరకానివి ప్రమాదమే. మెసేజ్‌లో లేనిది వాటిని గుర్తుపట్టడం ఎలా అన్నది. మనదేశంలో లిథియం బ్యాటరీలకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేబుల్ మీద ఐఎస్ 16046 అని, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరు ఎవరి పేరున ఉందో బీఐఎస్ కేర్ యాప్‌లో చూడొచ్చు. తర్వాత లెక్క. వోల్టేజీని యాంపియర్ అవర్‌తో గుణిస్తే వాట్ అవర్ రావాలి. 11.55 వోల్టులు, 3.6 యాంపియర్ అవర్ అని రాసి ఉంటే సుమారు 41.6 వాట్ అవర్. 60 అని అచ్చు వేసి ఉంటే ఆ లేబుల్ దొంగది.

పాతది నిజంగా పోయిందో లేదో ముందు చూసుకోండి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీస్తే డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు వస్తాయి. రెండోది మొదటిదానిలో సగానికి పడిపోతే మార్చే వేళైంది. ట్రాక్‌ప్యాడ్ నొక్కుడు పడకపోయినా, అడుగు మూత ఎత్తుగా కనిపించినా అంకెలతో పనిలేదు, బ్యాటరీ ఉబ్బింది. చార్జింగ్ ఆపి తీసేయాలి, గుచ్చకూడదు, లోహపు పనిముట్టుతో ఎత్తకూడదు. కొత్తది రావడానికి రాయగడ, కోరాపుట్ వైపు ఎక్కువ రోజులు పడితే షాపువాడిని తిట్టుకోవద్దు. విడి లిథియం బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వేయనివ్వరు, రోడ్డు మీదో రైల్లోనో రావాలి.

"బోర్డు పోతే ఇక అంతే"

మెసేజ్ మొత్తంలో ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. డెడ్ అని రాసేసిన బోర్డుల్లో చాలావాటికి పోయేది ఒక సిరామిక్ కెపాసిటర్, నువ్వుగింజంత ముక్క. అది షార్టయితే, అంటే కరెంటు నేరుగా గ్రౌండుకు పోయేట్టయితే, చార్జరు తన రక్షణ కోసం ఆగిపోతుంది. బయటికి బోర్డు చచ్చిపోయినట్టే కనిపిస్తుంది.

పట్టుకునే పద్ధతి ఇలా ఉంటుంది. బ్యాటరీ తీసేసి, చార్జరు నుంచి వచ్చే 19 వోల్టుల లైనుకూ గ్రౌండుకూ మధ్య మల్టీమీటరు పెట్టాలి. ఒకటి రెండు ఓమ్‌లు చూపిస్తే షార్ట్. బెంచ్ సప్లైని (వోల్టేజీ, కరెంటు మార్చుకునే పవర్ సప్లై) 1 వోల్టు, 2 యాంపియర్లకు పరిమితి పెట్టి ఆ లైనులోకి వదిలి, బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పల్చగా పూయాలి. ఆల్కహాల్ ఎక్కడ ముందు ఆరిపోతే అక్కడ వేడి పుడుతున్నట్టు, పోయిన పార్టు అదే. దాన్ని తీశాక షార్ట్ పోతే అంతే విలువ ఉన్నది, కనీసం 25 వోల్టులది వేయాలి.

ఒక హెచ్చరిక. కరెంటు వదిలే ముందు ప్రాసెసర్ పక్కనుండే హైసైడ్ మాస్ఫెట్‌లను (19 వోల్టుల లైనును ప్రాసెసర్ వైపు కలిపే స్విచ్‌లు) కొలవాలి. వాటిలో ఒకటి షార్టయితే మీరు వదిలిన కరెంటు నేరుగా ప్రాసెసర్‌లోకి పోతుంది. అంతకుముందే 19 వోల్టులు ఆ దారిన వెళ్లి ఉంటే ప్రాసెసర్ పోయినట్టే, అక్కడ మెసేజ్ చెప్పిందే నిజం. దీనికి తిరగేసిన పొరపాటూ మామూలే. మంచి ప్రాసెసర్ లైను కూడా ఒక ఓమ్ కన్నా తక్కువ చూపించొచ్చు. దాన్ని షార్ట్ అనుకుని "బోర్డు పోయింది" అనేసేవాళ్లున్నారు. అలా అన్న షాపులో ఏ లైను, ఎన్ని ఓమ్‌లు అని అడగండి. జవాబు లేకపోతే బోర్డు ఇంకో చోట చూపించండి.

టైప్‌సీ పోర్టుల సంగతి సముద్రం దగ్గరి వాళ్లకు ముఖ్యం. ఆ పోర్టులో 20 వోల్టులు వచ్చే పిన్ను పక్కనే చార్జరుతో మాట్లాడే సీసీ పిన్ను ఉంటుంది, మధ్య దూరం అర మిల్లీమీటరు. బరంపురం దగ్గరి గోపాలపురం గాలిలోని తడి, ఉప్పు, దానికి తోడు దుమ్ము ఆ సందులో చేరితే 20 వోల్టులు సీసీ లైనులోకి దూకి చార్జింగ్ కంట్రోలర్ చిప్పును కాలుస్తాయి. పోర్టు ఒక్కటే మార్చి చార్జింగ్ రాలేదని వదిలేయడం దీనివల్లే. పోర్టుతోపాటు చిప్పునూ చూడాలి. గుండ్రటి పిన్ను ఉన్న పాత తరహా జాక్ అయితే చాలా మోడళ్లలో వైరుతో సహా విడిగా వస్తుంది, సోల్డరింగ్ కూడా అక్కర్లేదు.

నీళ్లు పడితే బియ్యంలో పెట్టకండి. బియ్యం పైతడిని కూడా సరిగ్గా లాగదు, చిప్పుల కింది ఉప్పును అసలే తీయదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ముంచినట్టు ముంచితే ఎలాగూ ఇళ్లలో కరెంటుండదు. మెషీన్ ఆన్ చేసి చూడకుండా బ్యాటరీ ఊడదీయడానికి అదే మంచి సమయం. తర్వాత బోర్డు బయటికి తీసి 99 శాతం ఐసోప్రొపైల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి కడగాలి. ఆలస్యమయ్యేకొద్దీ పిన్నులను పచ్చటి తుప్పు తినేస్తుంది.

ట్యాబ్‌ల దగ్గర మాత్రం

మెసేజ్ గెలిచేది ఎక్కువగా ఇక్కడే. ట్యాబ్ లోపలికి వెళ్లాలంటే చాలావాటిలో స్క్రీన్‌నే ఎత్తాలి, అది జిగురుతో అంటించి ఉంటుంది. అంచును 70, 80 డిగ్రీలకు వేడి చేసి పల్చటి ప్లాస్టిక్ ముక్కతో కోసుకుంటూ పోవాలి. మామూలు ఐప్యాడ్‌లో పై గాజు, లోపలి ఎల్‌సీడీ వేర్వేరు, గాజు ఒక్కటే మార్చొచ్చు. ఐప్యాడ్ ఎయిర్ రెండో తరం నుంచి, ప్రో మోడళ్లలో రెండూ అతికి ఉంటాయి, మొత్తం మార్చాలి. హోమ్ బటన్ ఉన్న వాటిలో వేలిముద్ర ఆ బోర్డుతో వచ్చిన బటన్‌కే పనిచేస్తుంది, కాబట్టి పాత బటన్‌ను తెగకుండా తీసి కొత్త గాజుకు మార్చాలి.

అయినా చేయలేనిది కాదు, కంపెనీలు చేయనిది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధనల ప్రకారం ట్యాబ్ అమ్మకం ఆపాక కూడా 7 ఏళ్లు ముఖ్యమైన విడిభాగాలు అందించాలి. అది ఇక్కడి కొనుగోలుదారుకు వర్తించదు. మీరు కొనబోయే ట్యాబ్‌కు స్క్రీన్, బ్యాటరీ విశాఖలో దొరుకుతాయా అని కొనేముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

"ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయండి"

రిపేరు ఖర్చు అదే మోడల్ సెకండ్‌హ్యాండ్ ధరలో సగం దాటితే ఇచ్చేయడమే తెలివి, ఆ మాటకు అభ్యంతరం లేదు. కానీ పాడైన రోజే ఇవ్వకండి. ఎస్ఎస్‌డీ విడిగా ఉంటే తీసి యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (యూఎస్‌బీకి తగిలించే డబ్బాలో) పెట్టి ఫైళ్లు దించుకోవచ్చు. ఎస్ఎస్‌డీ ఎన్‌వీఎంఈ రకమా సాటా రకమా చూసి ఎన్‌క్లోజర్ కొనండి, రెండూ ఒకేలా కనిపిస్తాయి. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినవాళ్ల డ్రైవు చాలాసార్లు వాళ్లకు తెలియకుండానే బిట్‌లాకర్‌తో తాళం పడి ఉంటుంది. 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఫోన్‌లోనే తెరిచి రాసుకోవచ్చు. బోర్డు పనికి ఇచ్చేటప్పుడు కూడా ముందే రాసిపెట్టుకోండి, బోర్డు మార్చినా బయోస్ (బోర్డును మొదలుపెట్టే ప్రోగ్రామ్) మళ్లీ రాసినా అది అడగక మానదు. స్టోరేజీ బోర్డు మీదే ఉన్న మ్యాక్ అయితే డేటా బయటికి రావడానికి ఆ బోర్డునే బతికించాలి. అలాంటిది బ్యాకప్ లేకుండా ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చాక పెళ్లి ఫోటోలు అడిగితే ఇచ్చేవాళ్లెవరూ ఉండరు.