రెండు తలల ఎడ్జ్ ఫైండర్

మా వర్క్‌షాపు గాజువాక ఆటోనగర్‌లో. అక్కడి మిల్లింగ్ మెషీన్ మీద మేస్త్రీగారికి ముప్పై ఏళ్ల సర్వీసు, నాకు మూడు నెలలు. జాబ్ (అంటే మెషీన్ మీద చెక్కాల్సిన లోహం) అంచు ఎక్కడుందో పట్టుకోవడానికి ఆయన వాడేది సిగరెట్ కాగితం. దానికి నూనె రాసి అంచుకి అంటించి, తిరిగే కట్టర్‌ని మెల్లగా దగ్గరికి తెస్తారు. కాగితం లాక్కుపోయిందంటే అంచు దొరికినట్టే. సిగరెట్లు మానేసి పదేళ్లయినా ఆయన జేబులో పెట్టె మాత్రం ఉంటుంది. అది డ్యూటీ కోసమంటే వాళ్లావిడ ఇప్పటికీ నమ్మరు.

నేను జీతం డబ్బుల్లోంచి అదే పని చేసే ఎడ్జ్ ఫైండర్ కొన్నాను. పెన్నులాంటి ఉక్కు కడ్డీ. దాని చివరి ముక్కని లోపలున్న స్ప్రింగు పట్టుకుని ఉంటుంది. 600 ఆర్‌పీఎంలో తిప్పితే ఆ ముక్క మొదట పూనకం వచ్చినట్టు ఊగుతుంది. జాబ్‌కి తగిలాక హ్యాండిల్ తిప్పేకొద్దీ ఊపు తగ్గి, చివరికి అసలు తిరుగుతోందా అన్నంత బుద్ధిగా నిలబడుతుంది. ఇంకో వెంట్రుకవాసి తిప్పామా, చటుక్కున పక్కకి జరిగిపోతుంది. అప్పుడు స్పిండిల్ (కట్టర్‌ని తిప్పే ఇరుసు) సెంటరు అంచుకి సరిగ్గా ఆ ముక్క వ్యాసంలో సగం దూరంలో ఉన్నట్టు. డీఆర్‌ఓ (బల్ల ఎంత జరిగిందో అంకెల్లో చూపేది) సున్నా చేసి, స్పిండిల్ పైకెత్తి, ఆ సగం జరిపి మళ్లీ సున్నా కొట్టాలి. అంతే.

"కాగితం రోజులు పోయాయి గురువుగారూ" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

150కి 100 మిల్లీమీటర్ల స్టీలు ప్లేటు, నాలుగు కన్నాలు. పదిలో సగం ఐదు అని ఎక్కంలా వల్లించుకుంటూ ఎక్స్ పట్టాను, వై పట్టాను. ముక్క జరిగే ముచ్చట చూపించడానికి టీ కుర్రాణ్ణి కూడా పిలిచాను. కన్నాలు వేసి కొలిస్తే, కన్నానికీ కన్నానికీ మధ్య దూరం అచ్చం డ్రాయింగులో ఉన్నట్టే ఉంది. అంచు నుంచి మాత్రం 3 మిల్లీమీటర్లు ఎక్కువ. అటూ అంతే, ఇటూ అంతే.

ముందు కొలిచిన వెర్నియర్‌ని అనుమానించాను, సముద్రపు గాలికి తుప్పు పట్టిందేమోనని. తర్వాత డీఆర్‌ఓని. ఆఖరికి డ్రాయింగ్ గీసినవాణ్ణి.

మేస్త్రీగారు వచ్చి, స్పిండిల్‌లో పనిముట్టుని బిగించి పట్టుకునే కోలెట్‌లోంచి ఎడ్జ్ ఫైండర్ తీసి అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏటి బాబూ, ఇది రెండు తలల పాములాగుంది. ఏ తల కిందకి పెట్టినావు?"

ఒక కొస 10 మిల్లీమీటర్లు, రెండోది 4. నేను లావుది కోలెట్‌లోకి దూర్చి సన్నది కిందకి పెట్టాను. జరపాల్సింది 2, జరిపింది 5. అంతసేపూ కళ్లముందే తిరుగుతున్నా, ఊగుడు ఆగిందా లేదా అనే చూశాను గానీ అది ఎంత లావుందో చూస్తే ఒట్టు.

"ఆ రెండు అంచులూ 3 మిల్లీమీటర్లు చెక్కేస్తే కన్నాలు సరైన చోటికి వచ్చేస్తాయి కదండీ?" అన్నాను ఆశగా.

ఆయన నిజంగానే లెక్క వేశారు.

"వచ్చేస్తాయి. ప్లేటు 147, 97 అవుద్ది. పార్టీకి ఫోన్ చేసి, ఆళ్ల మెషీన్ని కూడా 3 మిల్లీమీటర్లు తగ్గించుకోమని సెప్పు."

ఆ సాయంత్రం మేస్త్రీగారు జేబులోంచి పెట్టె తీశారు. కాగితం ఒలుస్తారనుకున్నాను. ఒలవలేదు. టీ కుర్రాడి వైపు తిరిగి, "ఒరే, అగ్గిపెట్టె ఉందా?" అని అడిగారు.