మన ఊళ్ళలో పచ్చగడ్డి ఏమైపోయింది?

విశాఖలో ఉండే మా చుట్టాలు ఈమధ్య పాలు కొనే ముందు ఒకటే అడుగుతున్నారు: "మీ ఆవు గడ్డి మేస్తుందా, దాణా తింటుందా?" గడ్డి అని చెప్తే లీటరుకి ఎంతైనా ఇవ్వడానికి సిద్ధం. ఈ వాదన అమెరికా వీడియోల నుంచి వచ్చింది. అక్కడ మాంసం కోసం పెంచే పశువుల్ని ఆఖరి నాలుగైదు నెలలు పెద్ద పెద్ద దొడ్లలో పెట్టి, మొక్కజొన్న మేపి బరువు ఎక్కిస్తారు. గడ్డా, గింజా అన్న ప్రశ్నకి అక్కడ అర్థం ఉంది. విజయనగరం జిల్లాలో గజపతినగరం వైపో, చీపురుపల్లి వైపో రెండు పాడి పశువులున్న రైతుని అదే ప్రశ్న అడిగితే ఏం చెప్తాడు? పొద్దున వరిగడ్డి, రాత్రి వరిగడ్డి, మధ్యలో తవుడు కలిపిన కుడితి, పాలు తీసేటప్పుడు రెండు డబ్బాల దాణా. పచ్చగడ్డి దొరికిన రోజు దొరికినట్టు. ఆ రైతుని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. నా కోపమల్లా ఊళ్ళో గడ్డికి చోటు లేకుండా చేసినవాళ్ళ మీద.

దాణా విషమేమీ కాదు. పాలిచ్చే ఆవుకి ఒంటి పోషణకి కిలో, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకి ఒక కిలో, గేదెకైతే రెండు లీటర్లకి ఒక కిలో అని పశువైద్యులు ఎప్పటినుంచో చెప్తున్న లెక్క. తెలకపిండి, ఉలవలు, తవుడు మన పెద్దవాళ్ళూ పెట్టారు. కానీ ఆ లెక్క కడుపు నిండా గడ్డి పడ్డాక వేసే లెక్క. ఇప్పుడు దాణా కొట్టుకి వెళ్తే "గడ్డి లేకపోతే ఏటండీ, ఇంకో డబ్బా ఎక్కువెయ్యండి, పాలు అవే వస్తాయి" అంటున్నారు. ఇది వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఆవు పెద్ద పొట్టలో వంద లీటర్లకి పైనే పడుతుంది. అందులో ఉండే కోట్లాది సూక్ష్మజీవులే గడ్డిలోని పీచుని అరిగిస్తాయి. గడ్డి తిని తీరిగ్గా నెమరేసే ఆవుకి రోజుకి వంద లీటర్ల దాకా లాలాజలం ఊరుతుంది. ఆ లాలాజలంలో సోడా గుణం ఉంటుంది కాబట్టే పొట్టలో పులుపు అదుపులో ఉంటుంది. పీచు తగ్గి పిండి పెరిగితే నెమరు తగ్గుతుంది, లాలాజలం తగ్గుతుంది, పులుపు పెరుగుతుంది. పేడ చూస్తే చాలు, తెలిసిపోతుంది. కుదురుగా మడతలు మడతలుగా పడాల్సింది పల్చగా, బూడిద రంగులో, పుల్లటి వాసనతో పడుతుంది. పుల్ల పెట్టి కదిపితే అరగని మొక్కజొన్న ముక్కలు కనిపిస్తాయి. అంటే డబ్బు పోసి కొన్న దాణా పేడకుప్పలో పడుతోందన్నమాట.

ఇంకో నష్టం పాలకేంద్రం దగ్గర తేలుతుంది. పాలలో వెన్న తయారవ్వడానికి ముడిసరుకు చాలావరకు పీచు పులిసినప్పుడే పుడుతుంది. పీచు తగ్గితే ఫ్యాట్ పడిపోతుంది. పాలు లీటరు పెరిగాయని సంబరపడిన మనిషి మిషన్ మీద అంకె చూసి డీలా పడిపోతాడు. మనకి డబ్బులిచ్చేది ఫ్యాట్‌కీ, ఎస్‌ఎన్‌ఎఫ్‌కీ (వెన్న, నీళ్ళు పోగా పాలలో మిగిలే గట్టి పదార్థానికి) కదా.

ఇక పెళ్ళిళ్ళ సీజన్‌లో జరిగేది మరీ ఘోరం. భోజనాలయ్యాక మిగిలిన అన్నం పారబోయడానికి మనసొప్పక, గోమాతకి పెడితే పుణ్యమని తట్టలకొద్దీ తెచ్చి ఆవుల ముందు పోస్తారు. వద్దంటే "అన్నం తింటే ఆవు చస్తాదా ఏటి?" అని మా వీధిలో ఒక పెద్దాయన నన్నే కసిరాడు. చస్తుందండీ. ఉడికిన అన్నం పొట్టలో గంటల్లో పులిసి ఆమ్లం అయిపోతుంది. గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ఒంట్లో నీరంతా పొట్టలోకి లాగేసుకుంటుంది. మర్నాటికి ఆవు మేత మానేస్తుంది, నెమరు ఆగిపోతుంది, కళ్ళు లోపలికి పోతాయి, తూలుతుంది. వెంటనే డాక్టర్ చేతిలో పడకపోతే ఒకట్రెండు రోజుల్లో పడిపోతుంది. కనుమ రోజు పొంగలి పెడితే పిడికెడు పెట్టండి. అది మొక్కు. తట్టెడు పెడితే ప్రాణం తీసినట్టే.

సరే, గడ్డి పెట్టమంటే ఎక్కడ నుంచి తెస్తారు? చెరువు గట్లు, బంజర్లు, కొండ కింద మెట్టలు ఒకప్పుడు ఊరుమ్మడి మేతభూములు. ఆ మెట్టల్లో చాలావాటిలో ఇప్పుడు నీలగిరి, సరుగుడు. రోడ్డు పక్కవి లేఅవుట్లు. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి చుట్టుపక్కల సెంటు ధర ఎక్కడికో పోయింది. అక్కడ గడ్డి పెంచుతానంటే పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. చోడి (రాగి) వేసేవాళ్ళు తగ్గిపోయారు, దాంతో చోడిగడ్డీ పోయింది. పశువు ముందు రెండూ వేసి చూడండి, చోడిగడ్డి అయ్యేదాకా వరిగడ్డి వైపు తల తిప్పదు. మిగిలిన ఆ వరిగడ్డి కూడా కోత మిషన్ వచ్చాక ముక్కలై పొలంలోనే పడిపోతోంది. కట్టలు కట్టించే ఖర్చు భరించలేక కొందరు అగ్గి పెడుతున్నారు. ఒక పక్క గడ్డి తగలబెట్టి ఇంకో పక్క దాణా బస్తా అప్పు తెస్తున్నాం.

వరిగడ్డి ఒక్కటే పెడితే సరిపోదన్నదీ నిజమే. దాంట్లో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళే. పచ్చదనం లేని మేత తిన్న ఆవు నెయ్యి కూడా పాలిపోయి ఉంటుంది, ఆ పసుపు రంగు వచ్చేది పచ్చగడ్డి లోంచే. కనీసం వరిగడ్డిని బాగు చేసుకోవచ్చు. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి పోకుండా టార్పాలిన్ కప్పి మూడు వారాలు ఉంచాలి. తీశాక కాసేపు ఆరబెట్టి, ఘాటు పోయాక వెయ్యాలి. చిన్న దూడలకి పెట్టకూడదు. యూరియా నీళ్ళు పశువు తాగితే ప్రాణానికే ప్రమాదం, ఆ బకెట్ అక్కడ వదిలెయ్యకండి.

పది సెంట్లు ఉన్నా, బోరు కింద సూపర్ నేపియర్ గడ్డి పిలకలు నాటుకోవచ్చు. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి కోసుకోవచ్చు. జొన్న వేస్తే మాత్రం పూత రాకముందు, ముఖ్యంగా ఎండకి వాడిన మొక్కల్ని మేపకండి, నాము (లేత జొన్నలో ఉండే విషం) కొట్టి పశువు నిమిషాల్లో పోతుంది. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఏ గడ్డి, ఎంత, ఎలా అన్న అనుమానముంటే వెళ్ళి అడగండి, దాణా కొట్టువాడిని కాదు.

నాకు అన్నిటికంటే ఆశ ఉన్నది పిల్లిపెసర మీద. మన తాతలు వరి కోతకి నాలుగు రోజుల ముందు, మడిలో పదును ఉండగానే విత్తనం చల్లేసేవారు. విడిగా దుక్కి లేదు, తడి లేదు, మంచు మీదే పెరిగేది. పప్పుజాతి మేత, ఆరేడు కిలోలు పెడితే కిలో దాణా తగ్గించుకోవచ్చు. ఇప్పుడు కోతవ్వగానే చాలా మళ్ళు ఖాళీగా పడి ఉంటున్నాయి. ఈసారి కోతల ముందు మీ మళ్ళలో ఒక్కదాంట్లోనైనా చల్లండి. విత్తనం ఇంకా దాచుకున్న ఇళ్ళు ఉంటే పక్కవాళ్ళకి ఒక శేరు ఇవ్వండి.