మెంటర్ ఫోన్ ఇంటికి కాదు, ముందు విద్యార్థికి వెళ్లాలి

ఇంజినీరింగ్ కాలేజీ నుంచి ఇంటికి ఫోన్ వచ్చిందంటే చాలాసార్లు సంగతి రెండింటిలో ఒకటి: అటెండెన్స్ లేదా ఫీజు. ఫోన్ చేసే మేడమ్ పిల్లాడి మెంటర్. ఆమెను అనడానికి లేదు. ఒక్కో మెంటర్ కింద ఎంతమంది విద్యార్థులున్నారో కాలేజీలకు గుర్తింపు గ్రేడు ఇచ్చే న్యాక్ అడుగుతుంది, ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ కూడా ఈ ఏర్పాటు చూసి మార్కులు వేస్తుంది. కాబట్టి క్లాసులు చెప్పేవాళ్లకే తలా ఇంతమందని పంచేస్తారు. తనిఖీ బృందం వస్తోందనగానే మెంటరింగ్ రిజిస్టర్లు నిండుతాయి. ఒకే పెన్ను, ఒకే చేతిరాత, పేజీ పేజీకీ ఒకే ముక్క: 'బాగా చదవమని చెప్పడమైనది'.

దీన్ని సలహా అనలేం. పిల్లలకు నిజంగా కావాల్సింది లెక్క. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో 2022లో చేరిన బ్యాచ్ నుంచి అమలైన ఆర్22 నిబంధనలే తీసుకోండి. డిగ్రీకి మొత్తం 160 క్రెడిట్లు, అంటే సబ్జెక్టులు పాసైతే వచ్చే పాయింట్లు, కావాలి. మొదటి ఏడాది 40లో కనీసం 20 వస్తేనే రెండో ఏడాదికి పంపుతారు. మూడో ఏడాదికి వెళ్లాలంటే రెండేళ్లకు కలిపి 80లో 48, నాలుగో ఏడాదికి మూడేళ్లకు కలిపి 120లో 72 ఉండాలి. అంటే ఫస్టియర్‌లో సగం పోయినా గట్టెక్కినవాడు, సెకండియర్ చివరికి 60 శాతం చూపించాలి. సప్లీలు రాసుకోవచ్చులే అని కూర్చుంటే ఇక్కడే దొరికిపోతాడు. అటెండెన్స్ 75 శాతం ఉండాలి. అది లేకపోయినా 65కి తగ్గకపోతే సరైన కారణం చూపి, ఫీజు కట్టి కండొనేషన్ (హాజరు మినహాయింపు) తెచ్చుకోవచ్చు. అంతకన్నా తగ్గితే మెడికల్ సర్టిఫికెట్ తెచ్చినా పని జరగదు, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. సొంత నిబంధనలు పెట్టుకునే అటానమస్ కాలేజీల్లో, వేరే బ్యాచ్‌లకు ఈ అంకెలు మారొచ్చు. ఆ మాట చెప్పడానికే కదా మెంటర్ ఉన్నది!

నీకు ఇప్పటికి ఎన్ని క్రెడిట్లు వచ్చాయి, ఏ బ్యాక్‌లాగ్ ముందు క్లియర్ చేయాలి అని సెమిస్టర్ మొదట్లో విద్యార్థిని కూర్చోబెట్టి అడిగేవాళ్లు తక్కువ. ఓపెన్ ఎలెక్టివ్ (వేరే బ్రాంచ్ నుంచి ఎంచుకునే సబ్జెక్టు) కూడా వాట్సాప్ గ్రూపులో వచ్చిన గూగుల్ ఫామ్‌లో, ఫ్రెండ్ ఏది టిక్ చేస్తే అదే. తండ్రికి మాత్రం 'మీవాడు డిటెయిన్ అయ్యాడండీ' అని తెలిసేసరికి చేయగలిగిందేమీ ఉండదు. ఇంట్లో రాత్రంతా టెన్షన్, అరుపులు. మర్నాడు హెచ్‌ఓడీ గది ముందు పడిగాపులు.

అదే పిల్లాడు ఎంఎస్‌కి అమెరికా వెళ్తే సీన్ తిరగబడుతుంది. ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తెచ్చిన తండ్రి అడిగినా, మార్కులు చెప్పాల్సిన పని యూనివర్సిటీకి లేదు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, కాలేజీలో చేరాక ఆ రికార్డులపై హక్కు విద్యార్థిది. అడ్వైజర్‌కు మెయిల్ పెట్టాల్సిందీ, అపాయింట్‌మెంట్ తీసుకోవాల్సిందీ తనే. నాలుగేళ్లూ అన్నీ నాన్న ఫోన్‌తోనే నడిచినవాడికి ఇది గట్టి దెబ్బే. పైగా ఏదైనా సబ్జెక్టు కష్టంగా ఉంటే దాన్ని డ్రాప్ చేయమని డిపార్ట్‌మెంట్ అడ్వైజర్ చెప్పొచ్చు. కానీ ఎఫ్‌-1 అనే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ఫుల్‌టైమ్ లోడ్ కంటే తగ్గాలంటే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి, డీఎస్‌ఓ అనుమతి కావాలి. ఆ గడప తొక్కకుండా డ్రాప్ చేస్తే వీసా స్టేటస్‌కే ఎసరు.

అమెరికా పద్ధతిని యథాతథంగా దించుకోమనను. ఫీజు కట్టే తల్లిదండ్రులను పూర్తిగా బయట నిలబెట్టడం మన దగ్గర కుదరదు, అక్కర్లేదు కూడా. మెంటర్ మొదట విద్యార్థితో మాట్లాడాలి. ఆ తర్వాత అదే లెక్క, విద్యార్థి ఎదురుగానే, పేరెంట్స్ మీటింగ్‌లో చెప్పాలి. తల్లిదండ్రులు కూడా అటెండెన్స్ ఎంత అని ఆగిపోకుండా, క్రెడిట్లు ఎన్ని, ఏ రెగ్యులేషన్ అని అడగాలి. ఇక కాలేజీల సంగతి. అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు బోధించాలని యూజీసీ నిబంధన. మెంటరింగ్‌కు టైంటేబుల్‌లో ఒక్క పీరియడ్ కూడా ఇవ్వకుండా, ఆ 16 గంటల పైన దీన్నీ వేస్తే రిజిస్టర్‌లో ఆ ఒక్క ముక్కే ఉంటుంది.