తోడేళ్ల గుడికి తాయెత్తు కోసం వెళ్తారా?

టోక్యోలో ఉండే మనవాళ్ల గ్రూపుల్లో మళ్లీ మొదలైంది. "మిత్సుమినే గుడికి వెళ్తే కోరికలు తీరుతాయట, పెద్ద పవర్ స్పాట్ అట, అక్కడికెళ్తే శక్తి వస్తుందట." ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. గుడి అంటే ఫోన్ ఛార్జింగ్ పాయింటా?

టోక్యోకి వాయవ్యంగా ఉన్న చిచిబు కొండల్లో దాదాపు 1,100 మీటర్ల ఎత్తున ఉంటుందీ షింటో గుడి, అంటే జపాన్ సొంత మతం వాళ్ల గుడి. జపాన్‌లో చాలా గుళ్ల ముందు సింహం పోలికతో రాతిబొమ్మలు కాపలా కాస్తాయి. ఇక్కడ తోడేళ్లు. బక్కచిక్కిన ఒళ్లు, లెక్కపెట్టగలిగేంత తేలిన పక్కటెముకలు, బయటికి తీసిన కోరలు. ముద్దొచ్చేలా చెక్కాలని ఎవరూ అనుకోలేదు, అదే నాకు నచ్చింది. పంటల మీద పడే అడవిపందుల్ని, జింకల్ని తరిమేది తోడేలే కదా, అందుకే కొండ రైతులు దానికి దండం పెట్టారు. గుడి నుంచి ఆ తోడేలు రక్షను ఏడాది పాటు ఇంటికి అరువు తెచ్చుకునే ఆచారం ఇంకా ఉంది. గడువు తీరాక తిరిగి ఇచ్చేయాలి. కొనుక్కుని దాచుకునే వస్తువు కాదది.

ఇక తెల్ల తాయెత్తు గోల. గుడిలో దాన్ని ప్రతి నెలా ఒకటో తారీఖున మాత్రమే ఇచ్చేవారు. దానికోసం జనం కార్లేసుకుని ఎగబడితే, ఉన్న ఒక్క కొండదారీ కిలోమీటర్ల కొద్దీ జామ్. కింద ఊళ్లవాళ్లకి ఇల్లు కదలడమే గగనమైపోయింది. 2018లో గుడివాళ్లు ఆ తాయెత్తు ఇవ్వడమే ఆపేశారు. మన దగ్గరైతే రోడ్డు వెడల్పు చేసి, స్పెషల్ దర్శనం టికెట్ పెట్టి ఉండేవాళ్లం, అవునా కాదా? నన్నడిగితే ఆ గుడి చేసిన మంచి పనుల్లో ఇదొకటి.

అయినా ఫొటోల పిచ్చి తగ్గలేదు. గుడి ముందు పరిచిన రాళ్లలో ఒకదాని మీద, 2012లో, అదీ డ్రాగన్ సంవత్సరంలో, డ్రాగన్ మొహం తేలిందంటారు. నీళ్లు పోస్తే నిజంగానే కనిపిస్తుంది, కాదనను. కానీ అందరూ ఆ రాయి మీదికే వంగి ఉంటారు, ఎదురుగా రంగురంగుల చెక్కడాల్ని తలెత్తి చూసేవాడుండడు.

అసలు తోడేలు సంగతి ఎవరికీ పట్టదు. జపాన్‌లో చివరిసారి కచ్చితంగా నమోదైన తోడేలు 1905లో నారా కొండల్లో చచ్చింది. ఇప్పుడు తరిమే తోడేలు లేని చిచిబు అడవుల్లో జింకలు చెట్ల బెరడు ఒలిచి తింటున్నాయి.

వెళ్లాలనుకుంటే వారం మధ్యలో వెళ్లండి. సెయిబు-చిచిబు స్టేషన్ నుంచి బస్సులో గంటా పావు, బస్సులు చాలా తక్కువ. ఆఖరిది మిస్సయితే మాత్రం నాకు ఫోన్ చేయొద్దు.