తుఫాను టార్చికి ఏ సెల్లు?
ఇంట్లో ప్రతి టార్చికీ రీచార్జబుల్ సెల్లే కొనమని టార్చి సెల్లుల మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. రోజూ వాడే టార్చి వరకు నేనూ అదే అంటాను. రాత్రిపూట మోటారు వేయడానికి పొలం వెళ్లే రైతుకు నికెల్ మెటల్ హైడ్రైడ్ అనే రకం రీచార్జబుల్ సెల్లు బాగా పనికొస్తాయి, వందలసార్లు చార్జ్ చేసుకోవచ్చు. 1.2 వోల్టులేనని వెనకాడక్కర్లేదు. వాడి పారేసే ఆల్కలైన్ సెల్లు 1.5తో మొదలైనా వాడేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది, నికెల్ సెల్లుది చాలాసేపు నిలకడగా ఉంటుంది.

కానీ మా కోస్తాలో తుఫాను కోసం దాచిపెట్టే టార్చి సంగతి వేరు. మామూలు రీచార్జబుల్ సెల్లు వాడకపోయినా కొన్ని నెలల్లో దిగిపోతాయి. కరెంటు పోయాక చార్జ్ చేసేదెక్కడ? దానికి వాడి పారేసే లిథియం సెల్లే మేలు. ధర ఎక్కువే, అయినా పదేళ్లు దాటినా చార్జ్ నిలుస్తుంది, ఆల్కలైన్‌లా కారి స్ప్రింగు పాడుచేసే భయం చాలా తక్కువ. ఆల్కలైనే కొంటే దయచేసి టార్చిలో వేసి ఉంచకండి, పక్కన విడిగా పెట్టండి.

వ్యాసంలో లేని ముఖ్యమైన సంగతి ఇంకొకటి: 14500 సైజు లిథియం అయాన్ సెల్లు (ఇది రీచార్జబుల్, పైన చెప్పిన వాడి పారేసే లిథియం సెల్లు కాదు) అచ్చం పెన్సిల్ సెల్లులా ఉంటుంది, కానీ 3.7 వోల్టులు. వేయొచ్చని టార్చి తయారీదారు చెప్పకపోతే వేయకండి, లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు.