స్టార్టర్లు నడుస్తున్నాయండి

శ్రీకాకుళంలో పెళ్లి రిసెప్షన్‌కి వెళ్లిన మనిషి అడగకూడని ప్రశ్న ఒకటుంది. "భోజనాలు మొదలెట్టారా?" అని అడగకూడదు. నోరు జారి అడిగితే, జేబుకి గులాబీ గుచ్చుకుని తిరుగుతున్న పెళ్లికూతురి బాబాయి మనల్ని ఎగాదిగా చూసి, "స్టార్టర్లు నడుస్తున్నాయండి" అంటాడు. ఇక దానిమీద అప్పీలు లేదు. స్టార్టర్లు నడుస్తున్నంతసేపూ అన్నం నడవదు. హాలు వెనకాల అన్నం కౌంటర్లకి అడ్డంగా కుర్చీలు వేసి, గిన్నెలకి మూతలు పెట్టి, ఒక కుర్రాణ్ని కాపలా ఉంచుతారు. ముద్దపప్పు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, దప్పళం, బూరెలు, అన్నీ ఆ మూతల కిందే ఉంటాయి. వాసన మాత్రం హాలంతా వస్తుంది. దానికి ఎవరూ కాపలా పెట్టలేరు కదా.

ఇదంతా నాగరికత అని చెప్పేవాళ్లున్నారు కనుక కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. ఒకప్పుడు ఫ్రాన్సులో గొప్పవాళ్ల విందుల్లో ఒక్కో విడతకి పదుల కొద్దీ వంటకాలు ఒకేసారి బల్ల మీద పరిచేసేవారు. ఎవరి చెయ్యి ఎంతవరకు అందితే అంతవరకు తినడమే. 19వ శతాబ్దం మొదట్లో ప్యారిస్‌లో రష్యా రాయబారిగా ఉన్న కురాకిన్ ప్రభువు, ఒకదాని తర్వాత ఒకటి వడ్డించే పద్ధతిని అక్కడికి తెచ్చాడని చెబుతారు. పోను పోను యూరప్ అంతా అదే పద్ధతికి మారింది. ఈ లెక్కన ఆకు నిండా అన్నీ ఒకేసారి వేయించుకుని బంతిలో కూర్చున్న మన తాతలు ఫ్రెంచి ప్రభువులతో సమానం. మొదట బూరె కొరికేవారు కూడా. తీపివీ బరువైనవీ ముందు తినమని ఆయుర్వేదం చెప్పింది గనక ఆ విషయంలో వాళ్లని ఎవరూ తప్పుపట్టలేరు. మనం మాత్రం ఇప్పుడు రష్యన్లమయ్యాం. కాకపోతే రష్యావాడు ఒకటి తెచ్చాక రెండోది తెచ్చేవాడు. మనవాడు ఒకటి తెచ్చి ఆగిపోయాడు.

మొన్నటిదాకా స్టార్టర్లంటే రెండే, ఒకటి ఎరుపు, ఒకటి ఇంకా ఎరుపు. ఈ సీజన్లో 'వరల్డ్ స్టార్టర్స్' వచ్చాయి. హాలు గుమ్మంలోనే బోర్డు, బోర్డు మీద దేశాల జెండాలు. ఇటలీ జెండా కింద బ్రుషెట్టా. ఇటలీలో బ్రెడ్డు ముక్కని నిప్పుల మీద కాల్చి, వెల్లుల్లి రుద్ది, ఆలివ్ నూనె పోసి, పైన టమాటా వేసుకుంటారు. మన దగ్గర మెత్తటి బ్రెడ్డుకి టమాటా సాసు పూసి, మీద ఒక ఆకు పెట్టారు. ఆకు కరివేపాకు. లెబనాన్ జెండా కింద హమ్మస్. ఉడికించిన సెనగలు, నువ్వుల ముద్ద, నిమ్మరసం, వెల్లుల్లి కలిపి నూరేది. తప్పు పట్టాల్సిన వస్తువేమీ కాదు, నువ్వులు మనకి చుట్టాలే. లెబనాన్‌లో అయితే ఇలాంటివి చిన్న చిన్న పళ్లేలలో బల్ల నిండా సర్ది, చుట్టూ కూర్చుని, రొట్టె ముక్కతో తీసుకుంటూ గంటల తరబడి కబుర్లు చెప్పుకుంటారు. అందరూ కూర్చుంటారు, అదీ గమనించాల్సింది. మనవాళ్లు దాన్ని ఉల్లిపాయ సమోసా ముక్కతో పెట్టి, నిలబడి తినమన్నారు.

చైనా జెండా కింద ఏముందో చెప్పనక్కర్లేదు, మంచూరియా. కోల్‌కతాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్, 1975లో ముంబైలో తాను కనిపెట్టానని చెప్పుకున్న వంటకం అది. పుట్టింది ముంబైలో, జెండా చైనాది, వేపింది నరసన్నపేట కుర్రాడు. మద్రాసు బుహారీ హోటల్ వాళ్లు 1965లో తమ మెనూలోకి తెచ్చామని చెప్పే చికెన్ 65కి మాత్రం ఇంకా ఏ జెండా దొరకలేదు. ఇండియా అని రాస్తే ప్లేటు రేటు తగ్గించమంటారని కేటరింగ్ వాళ్ల భయం. ఇక కళింగపట్నం, భావనపాడు సముద్రతీరాలు పక్కనే పెట్టుకుని, ఎక్కడిదో గడ్డకట్టిన ప్యాకెట్ చింపి వేపిన ఫిష్ ఫింగర్లకి ఏ జెండా పెట్టారో నేను చూడలేదు. సగం దించి ఉంచాల్సింది.

సరే, తిండి సంగతి అలా ఉంచి, వేట సంగతి చూద్దాం. వంటశాల తలుపు స్టేజికి ఏదో ఒక పక్కన ఉంటుంది. అనుభవజ్ఞులు హాల్లోకి వస్తూనే ముందు ఆ తలుపుని చూస్తారు, ఆ తర్వాత పెళ్లికొడుకుని. రిటైరైన హెడ్మాస్టారు ఒకాయన ఉన్నారు, ఏ ఊరో చెప్పను. ఆయన కుర్చీ ఎత్తి తెచ్చి మరీ తలుపుకి మూడడుగుల దూరంలో వేసుకుంటారు. వీపు వధూవరుల వైపు, ముఖం వంటశాల వైపు. ఆయనకి ఎదురుగా ఒక బ్యాంకు మేనేజరు గారు. ఇద్దరూ పెన్షన్లు, డీఏలు మాట్లాడుకుంటున్నట్టే ఉంటారు గానీ నాలుగు కళ్లూ తలుపు మీదే.

తలుపు కదిలింది. కుర్రాడు ట్రేతో అడుగు బయటపెట్టాడు. పద్దెనిమిదేళ్లుంటాయో లేదో, మెడకి నల్ల బో, చేతులకి తెల్ల గ్లవ్స్, కాళ్లకి హవాయి చెప్పులు. "సార్, డ్రాగన్ చి..." అనేలోపే హెడ్మాస్టారి టూత్‌పిక్ దిగింది. ఒక ముక్క తనకి, ఒకటి మనవడికి, ఇంకొకటి ఇంకా హాలుకి రాని మేడం గారికి. మేనేజరు గారికి సుగరు, డాక్టరు నూనె వద్దన్నాడు, అందుకని గోబీ ముట్టుకోకుండా రొయ్యలే తీసుకుంటారు. పక్క నుంచి ఒక చెయ్యి, వెనక నుంచి రెండు చేతులు, కింద నుంచి ఒక పిల్లాడి చెయ్యి. ట్రే పది అడుగులు నడవలేదు, అందులో కొత్తిమీర, రెండు క్యాప్సికం ముక్కలు మిగిలాయి. కుర్రాడు వెనక్కి తిరిగాడు. మళ్లీ వచ్చాడు. మళ్లీ అంతే. ఒకసారి వాడు తెలివిగా ట్రేని తలపైకి ఎత్తి పరుగు తీశాడు. హెడ్మాస్టారు లేచి, క్లాసులో పిల్లాణ్ని పిలిచినట్టు "ఒరేయ్, ఇలా రా" అన్నారు. వాడు వచ్చేశాడు. ఆ గొంతుకి జిల్లాలో ఎవడైనా వస్తాడు.

ఈలోగా ఫోటోకి పిలుపొచ్చింది. హెడ్మాస్టారు టిష్యూ కోసం అటూ ఇటూ చూసి, దొరక్క, ఎర్రటి వేళ్లతోనే స్టేజి ఎక్కారు. అవే వేళ్లతో అక్షింతలు తీసి వేశారు. పెళ్లికొడుకు మీగడ రంగు షేర్వానీ భుజం తట్టి, "శతమానం భవతి" అన్నారు. ఆశీర్వచనం గట్టిదే. డ్రై క్లీనింగ్‌కి ఇచ్చినా పోలేదని వినికిడి.

ఎట్టకేలకు అన్నం తెరిచాక ఇదే హెడ్మాస్టారు ప్లేటులో ఇంత బిర్యానీ, ఒక చెంచా పెరుగు వేయించుకుని, "తినలేకపోతున్నానండీ, పూర్వంలాగ అరగడం లేదు" అని ప్లేటు టబ్బులో పడేసి చెయ్యి కడుక్కుంటారు.

స్వీడన్‌లో ఇలాంటిదే జరిగింది. 18వ శతాబ్దంలో అక్కడ భోజనానికి ముందు ఒక పక్క చిన్న బల్ల వేసేవారు. దాని మీద సారా, రొట్టె, వెన్న, ఛీజు, ఉప్పు చేప. నిలబడి నాలుగు ముక్కలు తిని, గొంతు తడుపుకుని అసలు భోజనానికి వెళ్లడం. ఆ బల్ల మెల్లమెల్లగా పెరిగి, వేడి వంటలు కూడా చేరి, చివరికి తనే భోజనమై కూర్చుంది. స్మోర్గాస్‌బోర్డ్ అని 1939 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో అమెరికా వాళ్లకి కూడా పెట్టి పేరు తెచ్చుకున్నారు. కానీ స్వీడన్‌వాడు తన భోజనాన్ని ఆ బల్లకి మింగించినా ఎవరినీ ఆకలితో ఇంటికి పంపలేదు.

రష్యాలో జకూస్కీ బల్ల ఉంటుంది. ఉప్పు చేప, ఊరబెట్టిన దోసకాయ, పుట్టగొడుగులు, వోడ్కా. మంచులో బండ్ల మీద బయలుదేరిన చుట్టాలు ఏ వేళకి చేరతారో తెలియదు కనుక, ఎవరు వచ్చినా వచ్చినట్టే ఏదో ఒకటి నోట్లో వేసుకునేందుకు దాన్ని సర్ది ఉంచేవారంటారు. దూరం నుంచి వచ్చినవాడు ఆకలితో ఉంటాడన్న ఇంగితం అది.

మన హాల్లో దూరం నుంచి వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చున్నారో ఎప్పుడైనా చూశారా? ఆఖరి వరసలో, ఫ్యాను లేని చోట. కొత్తూరు అవతల నుంచి, మెళియాపుట్టి నుంచి మధ్యాహ్నం బస్సెక్కి వచ్చిన పెద్దమ్మలు, పిన్నులు, పెళ్లికూతుర్ని చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మామ్మలు. ట్రే అక్కడిదాకా వెళ్లదు. ఎప్పుడైనా వెళ్లినా, లేచి చెయ్యి చాపడం వాళ్లకి రాదు. పిలిచిన ఇంట్లో వడ్డిస్తే తినడమే వాళ్లకి తెలుసు. ఒకావిడ ఆ కుర్రాణ్ని ఆపింది.

"అదేటి బాబూ?"

"హమ్మస్ మామ్మా."

"అన్నం ఎప్పుడెడతారు నాయినా? బస్సెల్లిపోద్ది."

వాడిదీ ఆ వైపు ఊరే. ఆ బస్సు సంగతి వాడికి తెలుసు. "స్టార్టర్లయ్యాకంట మామ్మా" అన్నాడు, ముఖం చూడకుండా.

వాళ్లు ఇంకాసేపు కూర్చున్నారు. తర్వాత లేచి, చదివింపుల దగ్గర నూటపదహార్లు రాయించి, ఆటో మాట్లాడుకుని కాంప్లెక్స్‌కి వెళ్లిపోయారు. అన్నం తినకుండా. మూతల కింద అన్నం ఉడికి సిద్ధంగా ఉండగా, పెళ్లికి పిలవబడి వచ్చిన ఆడవాళ్లు ఖాళీ కడుపుతో బస్సెక్కారు.

ఎందుకు ఆపారు అన్నం? వంట కాక కాదు. అన్నం పెట్టేస్తే జనం తిని వెళ్లిపోతారు. జనం వెళ్లిపోతే డ్రోన్ వీడియోలో కుర్చీలు ఖాళీగా కనిపిస్తాయి. ఎమ్మెల్యే గారు పదింటికి వస్తారు, ఆయన వచ్చేసరికి హాలు నిండుగా ఉండాలి. అందుకని జనాన్ని కట్టేసి ఉంచడానికి ఈ ఎర్ర ముక్కలు. దీనికి మర్యాద అని పేరు! సిగ్గుండాలి. మీ వీడియోలో తల లెక్క కోసం ఆ ముసలావిణ్ణి కొత్తూరు నుంచి పిలిచారా? ఆవిడ రెండు పూటల కూలి మానుకుని, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని వచ్చింది. ఇటలీ తెచ్చారు, లెబనాన్ తెచ్చారు, ఆవిడకి పప్పన్నం పెట్టలేకపోయారు. అర్ధరాత్రి దాటాక అదే పప్పు, అదే పనసపొట్టు కూర డ్రమ్ముల్లోకి వంచేశారు. ఆ కుర్రాడు నిలబడే నాలుగు ముద్దలు తిన్నాడు, గ్లవ్స్ విప్పడం కూడా మరిచిపోయి.

స్టార్టర్లు మానేయమని ఎవరూ అనరు. మీ డబ్బు, మీ జెండాలు. శుభలేఖ మీద ముహూర్తం రాత్రి 9-47 అని నిమిషాలతో సహా అచ్చు వేయిస్తారు కదా, ఆ కిందే అన్నం ముహూర్తం కూడా వేయించండి. ఏడున్నరకి మూతలు తీయండి. ఆఖరి వరస నుంచి పిలవండి. వీడియోకి కుర్చీలు నిండాలంటే హెడ్మాస్టారూ మేనేజరూ ఎలాగూ ఉంటారు, తలుపు దగ్గర.

ఇక ఎమ్మెల్యే గారి కోసం అంత టెన్షన్ అక్కర్లేదు. ఆయనకి ఆ రాత్రి ఇంకా నాలుగు పెళ్లిళ్లున్నాయి, ఎక్కడా ఏమీ ముట్టుకోరు. ఇంటికెళ్లి చోడి అంబలి తాగి పడుకుంటారు.